వోక్స్‌వ్యాగన్ బీటిల్ క్లచ్ పెడలు

వోక్స్‌వ్యాగన్ బీటిల్ క్లచ్ పెడలు అనేది జర్మనీలో రూపొందిన వోక్స్‌వ్యాగన్ బీటిల్ (టైప్ 1) కారులో డ్రైవరు ఎడమ కాలితో నొక్కే పెడలు. దీనికి అనుబంధంగా ఒక ఇరుసు, కొక్కెం, బుష్, ఉక్కు తాడు, ఆపుడు పలక మొదలైన చిన్న భాగాలు ఉంటాయి. ఈ కారులో ఇంజను వెనుక భాగంలో ఉంటుంది. కాబట్టి ముందు కూర్చున్న డ్రైవరు పాదం కదలికను సుమారు రెండుంపావు మీటర్ల పొడవున్న తాడు వెనుక ఉన్న క్లచ్‌కు చేరవేస్తుంది.

ఈ కారులో క్లచ్ పళ్ళెం మార్చాలంటే ఇంజనును కిందికి దింపవలసి ఉంటుంది. పెడలు సమూహాన్ని ఊడదీయడానికి ముఖ్యంగా విప్పవలసినవి రెండు బోల్టులు. రెండు చోట్ల కలిగే లోపాలూ డ్రైవరుకు ఒకే విధంగా తెలుస్తాయి: గేరు పడదు, లేదా పడేటప్పుడు గరగరమని శబ్దం వస్తుంది. లోపం ముందు వైపు ఉన్నదా, వెనుక వైపు ఉన్నదా అని తేల్చుకోకుండా ఇంజను దింపినవారు, శ్రమ పడి కొత్త క్లచ్ వేసిన తరువాత కూడా పాత శబ్దమే వినవలసి వస్తుంది. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. బ్రేకు పెడలు కూడా ఇదే సమూహంలో భాగం. క్లచ్ కోసం చేసిన మరమ్మతులో పొరపాటు జరిగితే దాని ఫలితం బ్రేకుల మీద పడుతుంది.

నేపథ్యం

ఫెర్డినాండ్ పోర్షే రూపకల్పన చేసిన ఈ కారు 1938లో వెలుగు చూసింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత వోల్ఫ్స్‌బర్గ్ కర్మాగారం బ్రిటిషు సైన్యం అజమాయిషీలో ఉండగా, మేజర్ ఐవాన్ హర్స్ట్ చొరవతో 1945 డిసెంబరులో పౌరుల కారుగా దీని ఉత్పత్తి మొదలయింది. 1972 ఫిబ్రవరి 17న 1,50,07,034వ కారు బయటికి రావడంతో అంతవరకు ఫోర్డ్ మోడల్ టి పేరిట ఉన్న రికార్డు చెరిగిపోయింది. జర్మనీలో సెడాన్ తయారీ 1978లో ఆగిపోయింది. చివరి బీటిల్ 2003 జూలై 30న మెక్సికోలోని ప్యూబ్లాలో తయారయింది. అప్పటికి తయారైన కార్ల సంఖ్య 2,15,29,464. 1998లో విపణికి వచ్చిన న్యూ బీటిల్ ముందు భాగంలో ఇంజను గల వేరే కారు. దానికి ఈ వ్యాసంలోని విషయాలు వర్తించవు.

ఇన్ని దశాబ్దాలలో ఇంజను శక్తి పెరిగింది, వెనుక అద్దం పెద్దదయింది, 6 వోల్టుల విద్యుత్ వ్యవస్థ 12 వోల్టులకు మారింది, క్లచ్ పళ్ళెం వ్యాసం 180 మి.మీ. నుండి 200 మి.మీ.కు పెరిగింది. కానీ పాదానికీ క్లచ్‌కూ మధ్య తాడు ఉండే పద్ధతి మాత్రం చివరి వరకు కొనసాగింది. 1968 మోడల్ నుండి కొంతకాలం అమ్మిన ఆటోమేటిక్ స్టిక్‌షిఫ్ట్ రకం ఇందుకు మినహాయింపు. అందులో క్లచ్ పెడలే లేదు.

భారతదేశంలో బీటిల్ తయారు కాలేదు. అయితే దీని వెనుక ఉన్న సూత్రం తెలుగువారికి కొత్తది కాదు. మారుతి 800 కారులో క్లచ్‌ను లాగేది తాడే. బజాజ్ స్కూటరు ఎడమ పిడి నుండి బయలుదేరే క్లచ్ తీగ కూడా ఇటువంటిదే. బీటిల్‌లో ఆ తాడు కారు నడుము పొడవునా సాగుతుంది.

నిర్మాణం

ఈ వ్యాసంలోని వర్ణన స్టీరింగు ఎడమ వైపున ఉన్న కార్లకు సంబంధించినది. కుడి స్టీరింగు కార్లలో సూత్రం ఒకటే అయినా పెడళ్ళ అమరిక వేరు.

బీటిల్ నేలకు మధ్యలో, ముందు నుండి వెనుకకు, పెట్టె వంటి బోలు వెన్నెముక ఒకటి ఉంటుంది. దీనిని టన్నెల్ అంటారు. గేరు కడ్డీ, క్లచ్ తాడు, యాక్సిలరేటరు తాడు, హ్యాండ్ బ్రేకు తాళ్ళు, పెట్రోలు గొట్టం అన్నీ దీని లోపలి నుండే పోతాయి. పెట్రోలు గొట్టం కూడా ఇందులోనే ఉన్నదన్న సంగతిని మరమ్మతు చేసేవారు ఒక్క క్షణం కూడా మరువరాదు.

చాలా కార్లలో పెడళ్ళు పైనుండి వేలాడతాయి. బీటిల్‌లో అవి నేల నుండి మొక్కల్లా పైకి లేస్తాయి. వాటి కీలు నేలను ఆనుకొని ఉంటుంది. బూట్లతో వచ్చే మట్టి, వాననీరు నేరుగా ఆ కీలు దగ్గరికే చేరుతాయి. ఈ సమూహంలో అరుగుదల, తుప్పు ఎక్కువగా కనిపించడానికి ఇదే ప్రధాన కారణం.

టన్నెల్ ఎడమ పక్కకు రెండు బోల్టులతో బిగించిన చిన్న గొట్టం వంటి ఆధారం ఉంటుంది. దాని లోపల బుష్, ఆ బుష్‌లో క్లచ్ ఇరుసు ఉంటాయి. ఇరుసు బయటి కొనకు క్లచ్ పెడలును రోల్ పిన్ అనే బోలు మేకుతో బిగిస్తారు. ఇరుసు లోపలి కొన టన్నెల్ లోనికి చొచ్చుకుపోయి, అక్కడ ఒక కొక్కెంగా ముగుస్తుంది. తాడు ముందు కొనన ఉన్న కన్ను ఈ కొక్కేనికి తగులుకొని ఉంటుంది. తగిలించడమే తప్ప దానిని పట్టి ఉంచే తాళం గానీ పిన్ను గానీ లేదు. తాడులో బిగువు ఉన్నంతవరకే కన్ను కొక్కెంలో నిలుస్తుంది. మరమ్మతులో ఎదురయ్యే చిక్కులలో సగానికి మూలం ఇదే.

క్లచ్ పెడలుకు, యాక్సిలరేటరుకు నడుమ బ్రేకు పెడలు ఉంటుంది. దానిని వెనుకకు లాగే స్ప్రింగు సమూహంలోనే ఉంటుంది. క్లచ్ పెడలుకు ఇక్కడ విడిగా స్ప్రింగు లేదు. దానిని వెనుకకు తెచ్చేది గేరుపెట్టె వద్ద క్లచ్ మీటకు అమర్చిన స్ప్రింగు. పెడళ్ళు డ్రైవరు వైపు మరీ వెనుకకు వాలకుండా నేలపై ఒక ఆపుడు పలక ఉంటుంది. చూడడానికి ఇది ఒక వంచిన ఇనుప ముక్క. కానీ ఇది లేకపోతే పెడలు వెనుకకు వాలినప్పుడు తాడు వదులై కన్ను కొక్కెం నుండి జారిపోతుంది. పాత కార్లలో ఎవరో ఎప్పుడో విప్పి, తిరిగి బిగించడం అనవసరమనుకొని వదిలేసిన భాగాలలో ఇది ఒకటి.

తాడు టన్నెల్ లోపల దానికి అతికించిన సన్నని ఇనుప గొట్టం గుండా వెనుకకు సాగుతుంది. ఆ గొట్టం ముగిసిన చోటి నుండి గేరుపెట్టె మీద ఉన్న బ్రాకెట్ వరకు వంగే స్వభావం గల తొడుగు ఉంటుంది. దీనిని బౌడెన్ గొట్టం అంటారు. ఇంజను, గేరుపెట్టె రబ్బరు దిమ్మలపై కూర్చొని కొద్దిగా కదులుతుంటాయి కనుక ఈ చివరి భాగం వంగక తప్పదు. తాడు వెనుక కొన మరలు కలిగి ఉండి, గేరుపెట్టె ఎడమ పక్కనున్న క్లచ్ మీటలో దూరి, రెక్కల నట్టుతో ముగుస్తుంది. తొలి కార్లలో రెక్కల నట్టుకు బదులు మామూలు నట్టు, దానిని కదలనీయని మరొక నట్టు ఉండేవి.

పనిచేసే విధానం

పెడలును నొక్కినప్పుడు ఇరుసు తిరిగి కొక్కెం ముందుకు కదులుతుంది. తాడు ముందుకు లాగబడి, వెనుక ఉన్న మీటను తనతో తీసుకువస్తుంది. మీట తిరగగానే గేరుపెట్టె లోపలి రిలీజ్ బేరింగు ప్రెషర్ ప్లేటును నొక్కుతుంది. ఫ్లైవీలుకు, ప్రెషర్ ప్లేటుకు మధ్య చిక్కుకొని ఉన్న క్లచ్ పళ్ళెం విడుదల అవుతుంది. అప్పుడు ఇంజను తిరుగుతున్నా గేరుపెట్టెకు ఆ శక్తి అందదు.

పాదం పెడలు మీద లేనప్పుడు రిలీజ్ బేరింగు ప్రెషర్ ప్లేటును తాకకూడదు. ఆ ఖాళీ వల్ల పెడలును నొక్కిన మొదటి కొద్ది దూరం ఎదురు లేకుండా కదులుతుంది. దీనిని ఖాళీ కదలిక అనవచ్చు. మెకానిక్కులు ఫ్రీ ప్లే అంటారు. బీటిల్‌లో ఇది పెడలు పై అంచు వద్ద 10 నుండి 20 మి.మీ. ఉండాలి. క్లచ్ పళ్ళెం అరిగేకొద్దీ ఈ ఖాళీ తగ్గుతుంది. తాడు సాగితే, బుష్ గానీ కొక్కెం గానీ అరిగితే పెరుగుతుంది. రెండు మార్పులూ ఒకేసారి జరుగుతుంటాయి గనుక ఖాళీ సరిగా ఉన్నంత మాత్రాన భాగాలన్నీ బాగున్నాయని చెప్పలేము.

లోపాలు, వాటి గుర్తులు

లోపం ముందున్నదో వెనుకనున్నదో తేల్చే పరీక్ష చాలా సులువైనది. దీనికి ఇద్దరు మనుషులు కావాలి. ఇంజను ఆపి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, ముందు చక్రాలకు అడ్డం పెట్టి, కారు వెనుక భాగాన్ని జాకీతో లేపి గట్టి స్టాండుల మీద నిలపాలి. ఒకరు పెడలును నేల వరకు నొక్కుతుండగా, మరొకరు వెనుక క్లచ్ మీటను గమనించాలి. పెడలుతో పాటు మీట కూడా బాగా కదులుతున్నా, నడిపేటప్పుడు క్లచ్ విడవకపోతే లోపం గేరుపెట్టె లోపలో, క్లచ్‌లోనో ఉన్నట్లు. పెడలు పూర్తిగా దిగినా మీట కొద్దిగానే కదిలితే లోపం తాడులోనో, గొట్టంలోనో, పెడలు సమూహంలోనో ఉన్నట్లు. ఈ రెండవ సందర్భంలో ఇంజనును ముట్టుకోవలసిన అవసరం లేదు.

పెడలు హఠాత్తుగా నేల మీదికి పడిపోయి, ఏ మాత్రం ఎదురు లేకుండా ఊగుతుంటే మూడు అవకాశాలున్నాయి. తాడు తెగి ఉండవచ్చు. కన్ను కొక్కెం నుండి జారి ఉండవచ్చు. రోల్ పిన్ విరిగి, ఇరుసు తిరగకుండా పెడలు ఒక్కటే తిరుగుతూ ఉండవచ్చు. మూడవదానిని పెడలు మొదలు వద్ద చూసి గుర్తించవచ్చు. మొదటి రెండింటిలో ఏది జరిగిందో తెలియాలంటే సమూహాన్ని విప్పి కొక్కెం వైపు చూడాలి. తాడు సాధారణంగా రెండు కొనల దగ్గరే తెగుతుంది, ఎందుకంటే పదే పదే వంగేది అక్కడే. ఒక్కసారిగా తెగడానికి ముందు పోగులు ఒక్కొక్కటే విడిపోతూ వస్తాయి. ఆ దశలో పెడలు బరువెక్కుతుంది, కొద్ది రోజులకొకసారి ఖాళీ కదలిక పెరుగుతూ పోతుంది. నట్టును మాటిమాటికీ బిగించవలసి వస్తున్నదంటే తాడు తెగే రోజు దగ్గరపడినట్లు భావించాలి.

పెడలు కుడి ఎడమలకు ఊగడం, నొక్కినప్పుడు కీచుమనడం బుష్ అరుగుదలకు గుర్తులు. పెడలు గట్టిగా ఉండి నెమ్మదిగా పైకి వస్తే ఇరుసు తుప్పు పట్టిందనో, తాడులో గ్రీజు ఎండిపోయిందనో అనుకోవాలి. కారు కదలబోయే సమయంలో వణుకు పుడితే చాలామంది క్లచ్ పళ్ళేన్ని నిందిస్తారు. ఆ వణుకుకు బౌడెన్ గొట్టం వంపు సరిగా లేకపోవడం కూడా కారణం కావచ్చు. ఇక ఎక్కువ వేగంలో ఇంజను శబ్దం పెరిగి కారు వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నదని అర్థం. అప్పుడు మొదట చూడవలసినది ఖాళీ కదలిక. అది బొత్తిగా లేకపోతే పళ్ళేన్ని పట్టి ఉంచే ఒత్తిడి తగ్గి, పళ్ళెమూ రిలీజ్ బేరింగూ రెండూ త్వరగా పాడవుతాయి.

సమూహాన్ని విప్పడం

ఇంజను, పొగ గొట్టాలు పూర్తిగా చల్లారిన తరువాతనే వెనుక వైపు పని మొదలుపెట్టాలి. ఎడమ వెనుక చక్రాన్ని తీసివేస్తే క్లచ్ మీట చేతికి అందుతుంది. తాడు కొనను ప్లయర్‌తో కదలకుండా పట్టుకొని రెక్కల నట్టును విప్పాలి. పట్టుకోకుండా తిప్పితే తాడు కూడా మెలితిరిగి పోగులు విడిపోతాయి. తుప్పు పట్టిన నట్టుకు ముందురోజే నూనె వేసి ఉంచడం మేలు.

తరువాత ముందు వైపు నేల మీది పరుపును తొలగించి, యాక్సిలరేటరు పెడలును తీసివేయాలి. బ్రేకు పెడలును మాస్టర్ సిలిండరుతో కలిపే తోపుడు కడ్డీ పిన్నును ఊడదీయాలి. ఈ కడ్డీ పొడవును మార్చరాదు. ఆపుడు పలకను విప్పే ముందు అది ఉన్న స్థానాన్ని సుద్దతోనో, గీతతోనో గుర్తు పెట్టుకోవాలి. అటుపిమ్మట టన్నెల్‌కు సమూహాన్ని పట్టి ఉంచే రెండు బోల్టులను 13 మి.మీ. పానాతో విప్పి, సమూహాన్ని పక్కకు మెల్లగా లాగితే కొక్కెం కంతలో నుండి బయటికి వస్తుంది. తాడు కన్ను దానికి ఇంకా తగులుకొని ఉంటే చేతితో తప్పించాలి. తాడును మార్చదలచినవారు దానిని ఈ కంత నుండే ముందుకు లాగివేయవచ్చు.

భాగాల పరిశీలన, మార్పిడి

బయటికి తీసిన సమూహాన్ని కిరోసిన్‌తో కడిగి, తుప్పును గీకివేసిన తరువాతనే అరుగుదల కనిపిస్తుంది. కొక్కెం లోపలి వంపులో, తాడు కన్ను ఒరుసుకున్న చోట, గాడి పడి ఉంటుంది. బావి గట్టు రాతి మీద చేదతాడు ఒరిపిడికి గాడి పడినట్లే ఇదీను. గాడి లోతుగా ఉంటే ఇరుసును మార్చడం ఉత్తమం. వెల్డింగు చేసి, ఆకురాయితో రాచి పూడ్చేవారు కూడా ఉన్నారు గానీ, కొక్కెం ఆకారం ఏ మాత్రం మారినా కన్ను సులువుగా జారిపోతుంది. ఇరుసు ధర, మళ్ళీ మళ్ళీ విప్పే శ్రమతో పోలిస్తే, పెద్దదేమీ కాదు.

రోల్ పిన్‌ను తగిన మందం గల పంచ్‌తో కొట్టి బయటికి తీస్తే పెడలు ఇరుసు నుండి విడివడుతుంది. ఇందుకు పెడలును బల్ల పట్టుకర్రలో బిగించి, కింద చెక్క ముక్క ఆనించి కొట్టాలి. పిన్ కంత గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో సాగి ఉంటే కొత్త పిన్ కూడా త్వరలోనే వదులవుతుంది. ఒకసారి తీసిన పిన్‌ను తిరిగి వాడరాదు. దాని స్థానంలో మేకో, బోల్టో దూర్చడం తాత్కాలికంగా పనికివచ్చినా, అది కంతను మరింత సాగదీస్తుంది.

బుష్‌లు ప్లాస్టిక్‌తోను, కంచుతోను దొరుకుతాయి. కంచుది ఎక్కువ కాలం మన్నుతుంది గానీ దానికి గ్రీజు తప్పనిసరి. కొత్త బుష్‌లో ఇరుసు చేతి వేళ్ళతో తిప్పితే తేలికగా తిరగాలి, పక్కలకు ఊగరాదు. బ్రేకు పెడలు స్ప్రింగు సాగిపోయిందేమో కూడా ఇప్పుడే చూడాలి. సమూహం చేతిలో ఉన్నప్పుడు చేయగల ఈ చిన్న పనిని వాయిదా వేసి, తరువాత మళ్ళీ మొదటి నుండి విప్పవలసి వచ్చినవారు తక్కువేమీ కాదు.

తిరిగి బిగించడం

కొత్త తాడుకు మొత్తం పొడవునా గ్రీజు పట్టించి, మరలున్న కొనను ముందుగా టన్నెల్ లోపలి గొట్టంలోకి పంపాలి. గొట్టం మూతి కంటికి నేరుగా కనిపించదు. వేలితో తడిమి గానీ, చిన్న అద్దం, టార్చి లైటు సాయంతో గానీ పట్టుకోవాలి. వెనుక బయటికి వచ్చిన కొనను బౌడెన్ గొట్టం గుండా, బ్రాకెట్ గుండా పోనిచ్చి, మీటలో దూర్చి, నట్టును నాలుగైదు మరలు మాత్రమే ఎక్కించి వదలాలి.

తరువాతి పనిలో ఓర్పు అవసరం. కన్నును కొక్కేనికి తగిలించి, సమూహాన్ని టన్నెల్ కంతలోకి నెట్టే లోపల తాడు వదులైతే కన్ను జారిపోతుంది. అది జారిపోయిన సంగతి బోల్టులు బిగించి పెడలు నొక్కే దాకా తెలియదు. అందుచేత ఒకరు వెనుక నుండి తాడును ప్లయర్‌తో లాగి పట్టుకోవాలి. మరొకరు పెడలును నిలువుగా పట్టుకొని, అది డ్రైవరు వైపు వాలకుండా చూస్తూ, సమూహాన్ని స్థానంలో కూర్చోబెట్టాలి. ఒంటరిగా చేసేవారు కొక్కెంలో చిక్కని గ్రీజు దట్టంగా పూసి కన్నును దానికి అంటుకునేటట్లు చేస్తారు. ఆపైన నట్టును మరికొన్ని మరలు బిగించి తాడులో బిగువు తెస్తారు. బోల్టులు రెండూ గట్టిగా బిగించే వరకు పెడలును వెనుకకు వాలనీయరాదు. వెంటనే ఆపుడు పలకను గుర్తు పెట్టిన చోట బిగించాలి.

బ్రేకు కడ్డీని తిరిగి కలిపి, దాని పిన్నును, పిన్ను ఊడకుండా పట్టే క్లిప్పును సరిచూడాలి. కడ్డీ కొనకు, మాస్టర్ సిలిండరు పిస్టనుకు మధ్య 1 మి.మీ. ఖాళీ ఉండాలి. ఇది బ్రేకు పెడలు పై అంచు వద్ద 5 నుండి 7 మి.మీ. కదలికగా తెలుస్తుంది. ఈ ఖాళీని సర్దేది ఆపుడు పలకయే. పలకను మరీ ముందుకు బిగిస్తే ఖాళీ పోయి, బ్రేకు ద్రవం తొట్టికి తిరిగి వెళ్ళే దారి మూసుకుంటుంది. అప్పుడు బ్రేకులు పూర్తిగా వదలవు. కారు నడిచేకొద్దీ వేడెక్కి, చివరకు చక్రాలను పట్టివేయవచ్చు. క్లచ్ పని ముగిసిందనే తృప్తిలో ఈ కొలతను చూడకుండా కారును రోడ్డు మీదికి తీయడం ప్రమాదకరం. కారును కదిలించక ముందే బ్రేకు పెడలును పలుమార్లు నొక్కి, చక్రాలను చేతితో తిప్పి చూడాలి.

ఖాళీ కదలిక సర్దుబాటు

పెడలు పక్కన ఒక కొలబద్దను నిలబెట్టి, పెడలును చేతితో నొక్కుతూ ఎదురు తగిలే చోటును గుర్తించాలి. కాలితో నొక్కితే ఆ తేడా తెలియదు. కదలిక 20 మి.మీ. కంటె ఎక్కువగా ఉంటే రెక్కల నట్టును బిగించాలి, 10 మి.మీ. కంటె తక్కువగా ఉంటే వదులు చేయాలి. నట్టు ముఖం మీద ఉన్న రెండు ఉబ్బులు మీటలోని పల్లంలో సరిగా కూర్చోవాలి. ఇవే నట్టు దానంతట అది తిరగకుండా ఆపేవి. కూర్చోకపోతే సర్దిన కొలత రెండు రోజులు కూడా నిలవదు. సర్దుబాటు తరువాత పెడలును పలుమార్లు పూర్తిగా నొక్కి వదిలి మళ్ళీ కొలవాలి. కొత్త తాడు మొదట్లో కొంత సర్దుకుంటుంది. కనుక కొద్ది వందల కిలోమీటర్లు నడిచాక మరొకసారి చూడడం అవసరం.

బౌడెన్ గొట్టం వంపు

బౌడెన్ గొట్టం తిన్నగా బిగుతుగా ఉండరాదు. దాని మధ్య భాగం కిందికి 25 నుండి 45 మి.మీ. వరకు వంగి ఉండాలి. ఈ వంపు కలిగించే కొద్దిపాటి ఒరిపిడి తాడు కదలికను నిదానపరుస్తుంది. కారు బయలుదేరేటప్పుడు ఇంజను తన దిమ్మలపై కదిలితే ఆ కదలిక తాడును లాగి వదలకుండా ఈ ఒరిపిడి ఆపుతుంది. వంపు తక్కువైతే వణుకు పుడుతుంది, మరీ ఎక్కువైతే పెడలు బరువెక్కి తాడు త్వరగా అరుగుతుంది. బ్రాకెట్‌కు, గొట్టం కొనకు మధ్య వాషర్లు చేర్చితే వంపు పెరుగుతుంది, తీసివేస్తే తగ్గుతుంది. వాషర్ల సంఖ్య మారినప్పుడల్లా ఖాళీ కదలికను మళ్ళీ సర్దాలి. రెండు పైసల వాషరుతో పోయే వణుకు కోసం ఇంజను దింపిన ఉదంతాలు ఈ కారు యజమానుల మధ్య తరచుగా వినిపిస్తాయి.

గొట్టం అతుకు ఊడినప్పుడు

అన్నిటికంటె కష్టమైన లోపం టన్నెల్ లోపలి ఇనుప గొట్టం అతుకు ఊడడం. తాడు పోగులు విడిపోయి లోపల పట్టివేసినా, గ్రీజు లేక ఏళ్ళ తరబడి ఒరుసుకున్నా ఈ స్థితి వస్తుంది. పెడలు నొక్కినప్పుడు తాడుతో పాటు గొట్టం కూడా ముందుకూ వెనుకకూ జరుగుతుంది. పైన చెప్పిన ఇద్దరు మనుషుల పరీక్షలో వెనుక వైపు గొట్టం కొనను చూస్తే ఇది తెలుస్తుంది. కొత్త తాడు వేసినా, నట్టును ఎంత బిగించినా ప్రయోజనం ఉండదు.

దీనికి టన్నెల్ పక్కన కిటికీ వంటి కంత కోసి, గొట్టాన్ని యథాస్థానంలో వెల్డింగుతో అతికి, కోసిన ముక్కను తిరిగి మూయవలసి ఉంటుంది. పెట్రోలు గొట్టం అదే టన్నెల్‌లో ఉన్నందున ఇది నిప్పుతో చెలగాటమే. ట్యాంకును ఖాళీ చేసి కారు నుండి దింపాలి. పెట్రోలు గొట్టాన్ని ఖాళీ చేసి, ఆవిరి మిగలకుండా గాలి పంపి, వెల్డింగు చేసే చోటి నుండి తప్పించాలి. వెనుక సీటు కింద ఉన్న బ్యాటరీని తీసివేయాలి. నిప్పు ఆర్పే సాధనం చేతికందేటట్లు ఉండాలి. ఇంటి ముంగిట చేసే మరమ్మతుల జాబితాలో దీనిని చేర్చరాదు. అనుభవం గల పనివాడికి అప్పగించడమే ఉచితం.

దారిలో తాడు తెగితే

తాడు తెగినంత మాత్రాన బీటిల్ కదలలేని స్థితికి రాదు. ఇంజను ఆపి, మొదటి గేరు వేసి, స్టార్టరు తిప్పితే కారు కుదుపుతో కదిలి, ఇంజను అందుకుంటుంది. ఆ తరువాత యాక్సిలరేటరును తగ్గించి, ఇంజను వేగమూ చక్రాల వేగమూ కలిసిన క్షణంలో గేరు మార్చవచ్చు. ఆగవలసి వచ్చినప్పుడు ముందే న్యూట్రల్‌కు తేవాలి. స్టార్టరు మీద, ముఖ్యంగా 6 వోల్టుల కార్లలో, ఇది చాలా భారం. రద్దీ వీధులలో, ఎత్తుపల్లాలలో ఈ పద్ధతిని వాడరాదు. తాడు పట్టణం మధ్యలో తెగితే కారును పక్కకు తోసి నిలిపివేయడమే మంచిది.

దూర ప్రయాణాలు చేసే యజమానులు ఒక కొత్త తాడును, 13 మి.మీ. పానాను, ప్లయర్‌ను కారులో ఉంచుకుంటారు. తాడు పొడవు తయారీ సంవత్సరాన్ని బట్టి కొద్దిగా మారుతుంది. పొట్టి తాడు మీటను చేరదు, పొడవైనదానిలో మరలు చాలక బిగువు రాదు. అందువల్ల కొత్త తాడును కొనే రోజుననే పాత తాడు పక్కన పరచి, కన్ను నుండి మరల కొన వరకు పోల్చి చూసుకోవాలి.